ఎర్రముద్ర అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎర్రముద్ర అధికారి గారికి,

విషయం: తమరు వార్తల మీద గుద్దే 'ఫేక్' ముద్రకు తేదీ, వేళ, ఆధారం జతపరచవలసిందిగా విన్నపం.

అయ్యా,

వాట్సాప్‌లో తిరిగే పోస్టును పట్టుకుని, నడినెత్తిన 'ఫేక్' అని ఎర్రగా గుద్ది మళ్లీ జనంలోకి వదిలే తమ ఉద్యోగాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ 2019 నుంచీ, మన ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ వెబ్‌సైటు 2021 నుంచీ ఈ పనికి దిగాయి. పుకారు పరుగెత్తుతుంటే ఖండన కూర్చోకూడదు, ఒప్పుకున్నాం. మా ఫిర్యాదల్లా ఆ ముద్రలో రంగు తప్ప సమాచారం లేదనే.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరదనే తీసుకోండి. 'బుడమేరుకు గండి పడింది, నీళ్లొస్తున్నాయి' అన్న మాట ఒకటో తేదీన అక్షరాలా నిజం, సింగ్‌నగర్ మునిగిపోయింది. ఏడో తేదీకి మూడు గండ్లూ పూడ్చారు. ఆ తర్వాత అదే మాట మళ్లీ ఫోన్లలో తిరిగితే, ఇళ్లల్లో బురద కడుక్కుంటున్న జనం హడలిపోయారు; అది వదంతి అని అధికారులు ఖండించవలసి వచ్చింది. ఒక్క అక్షరం మారకుండానే రోజుల తేడాలో నిజం అబద్ధమైంది. ఇప్పుడు తమ ముద్ర సంగతి చూడండి. తేదీ లేని ఎర్రబొమ్మ కూడా ఫార్వర్డు అవుతుంది. రేపు ఏ వానాకాలంలోనో నిజంగానే గండి పడిన రాత్రి, ఎవరో ఆ పాత బొమ్మను పైకి తీసి 'ప్రభుత్వమే ఫేక్ అంది, పడుకోండి' అంటే ఆ పాపం ఎవరి ఖాతాలో వేయాలి?

నమూనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు దిగువకు పోయాయి. ఆ అంకె, ఆ వేళ తెలిస్తే చాలు, లంకల్లో రైతు గొడ్లను ఎప్పుడు విప్పాలో లెక్క వేసుకుంటాడు. ఇరిగేషన్ వారు కృష్ణమ్మను 'మంచిది, చెడ్డది' అని తేల్చేయరు. ఎంత వస్తోంది, ఎన్నింటికి చూశారు అని చెబుతారు. వార్తకూ అదే మర్యాద చేయండి: 'అబద్ధం', 'ఇంకా తేలలేదు', 'పాతది', 'నిజమే కానీ సగం'. పక్కన వేళ, ఎవరిని అడిగి తేల్చారో ఒక ముక్క.

'వరదలో అంత తీరికెక్కడిది, జనం అంత చదవరు' అంటారేమో. 'రెండో ప్రమాద హెచ్చరిక' అన్నది మూడు మాటలే. అర్థం కానివాడు డెల్టాలో లేడు. 'తేలలేదంటే పుకారుకు ఊపిరి పోసినట్టే' అన్న అభ్యంతరం ఇంకాస్త బలమైనది. కానీ కొన్నిటికే ముద్ర వేస్తే, ముద్ర పడనివి మరింత నిజమనిపిస్తాయని పెనీకుక్, రాండ్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధన చూపింది. అంటే తమరు నోరు మూసుకున్నా అది ఒక ముద్రే. తేలలేదని చెప్పి, మళ్లీ ఎన్నింటికి చెబుతారో కూడా ప్రకటిస్తే జనానికి ఎదురుచూడడానికి ఒక వేళ ఉంటుంది. అదీ లేకపోతే ఎదురింటివాళ్ల ఫార్వర్డే గతి.

ముద్ర ఎవరి చేతిలో ఉందన్నది అసలు చిక్కు. తన వ్యవహారాలపై వచ్చే వార్తల్లో ఏది నకిలీయో తేల్చే అధికారాన్ని 2023 ఐటీ నిబంధనల సవరణతో కేంద్రం తానే తీసుకుంది. మన 2024 వరద నెలలోనే బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. 'నకిలీ, తప్పుడు, తప్పుదోవ పట్టించే' అన్న మాటలకు హద్దుల్లేకపోవడం అందుకు ఒక కారణం. కాబట్టి ఆధారం చూపమనడం మా గొంతెమ్మ కోరిక కాదు. చూపిస్తే తమను నమ్మనివాడూ సరిచూసుకుంటాడు. తమరు పొరబడితే దిద్దడానికీ వీలుంటుంది.

చివరి మనవి: ఈ కొలత తమ శాఖలకూ వర్తించాలి. ఈసారి 'పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది' అన్న ప్రకటన వచ్చినప్పుడు, దాని మీద కనీసం 'ఇంకా తేలలేదు' అని కొట్టి చూపండి. అటుపైన మా ఫార్వర్డుల జోలికి రండి.

ఇట్లు,
తమ విధేయులు,
బుడమేరు దిగువ వాట్సాప్ వినియోగదారులు