దొరగారి దస్తావేజులు

దయ్యాల నవల రాత్రిపూట చదివితేనే మజా అని, బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ తొలిసారి పట్టుకున్నాను. కేక వినపడితే కంగారు పడొద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాను. తీరా చూస్తే, 1897 నాటి ఆ పుస్తకం మొదలయ్యేదే స్థిరాస్తి వ్యవహారంతో.

హార్కర్ అనే కుర్ర ప్లీడరు ట్రాన్సిల్వేనియా వెళ్లింది, డ్రాక్యులా దొర లండన్ శివార్లలో కొంటున్న పాత బంగళా కాగితాల పని మీద. దారిలో మిరపపొడి వేసిన కోడికూర తిని, రాత్రి కూజాడు నీళ్లు తాగినా దాహం తీరలేదని డైరీలో రాసుకున్నాడు. గుంటూరు జిల్లా పాఠకులు భయపడటం ఇక్కడే మానేస్తారు.

కోటలో ఒక్క నౌకరూ లేడు. దొరగారే పక్క సర్దుతారు. బల్ల మీద కంచాలు కూడా ఆయనే పెడుతుంటే హార్కర్ తలుపు సందులోంచి చూసేశాడు. వందల ఏళ్ల జమీ ఉండి ఏం లాభం, వంటమనిషి నిలవలేదు! తీరిక దొరికితే సోఫాలో పడుకుని ఇంగ్లండు రైళ్ల టైంటేబుల్ చదువుతారు. లండన్‌లో ఎవరూ తనను పరాయివాడని పోల్చుకోకూడదని, వీసా ఇంటర్వ్యూకు తయారయ్యే మన పిల్లల్లా యాస సాధన చేస్తారు.

నిద్రకు సొంత ఊరి మట్టి కావాలి గనక, యాభై పెట్టెల మట్టిని ఓడలో విట్‌బీ రేవుకు, అక్కణ్నుంచి రైల్లో లండన్‌కు పంపించారు. అంతా పద్ధతిగా, రసీదులతో సహా! కొంప ముంచింది ఆ రసీదులే. కోట నుంచి తప్పించుకొచ్చిన హార్కర్ వాటిని పట్టుకుని, బళ్లవాళ్ల చేయి తడిపి, ఏ పెట్టె ఎక్కడ దిగిందో కూపీ లాగాడు.

అతని భార్య మీనా అందరి డైరీలనూ టైపు కొట్టి మూడేసి ప్రతులు తీసింది. దొరగారు రాత్రివేళ వచ్చి ఫైలు తగలబెట్టారు. మన దగ్గరైతే కేసు అక్కడికి సమాప్తం. కానీ ఇనప్పెట్టెలో ఇంకో కాపీ ఉంది! వెల్లుల్లికి, శిలువకు పేరొచ్చింది గానీ, సగం పని చేసింది కార్బన్ పేపరే.

ఇన్ని కాగితాల్లో బ్లడ్ గ్రూపు రిపోర్టు మాత్రం లేదు. దొరగారు రక్తం పీల్చేసిన మీనా స్నేహితురాలు లూసీకి, పాపం, నలుగురు మగాళ్ల రక్తం వరసగా ఎక్కించేశారు. గ్రూపుల సంగతి లోకానికి తెలిసింది 1901లో. ఆ పిల్ల చావు పాపమంతా దొరగారి ఖాతాలోనే రాయడం అన్యాయం.

చివరికి రెండు కత్తులు దొరగారి కథ ముగించాయి. ఏడేళ్ల తర్వాత హార్కర్ ఫైలు తిరగేస్తే అన్నీ టైపు ప్రతులే, అసలు పత్రమన్నది దాదాపు లేదు. గెజిటెడ్ సంతకం లేని నకళ్ల మీద మరణ ధ్రువపత్రం ఎవరిస్తారు? రికార్డుల ప్రకారం దొరగారు బతికే ఉన్నారు. బంగళా కూడా ఆయన పేరు మీదే ఉంది.