బాబాయిగారూ చీమలూ

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఫైళ్ల మీద సంతకం పెట్టడం తప్ప మరో పని ఎరగని మనిషి, రిటైరైన మర్నాడే మేడెక్కేస్తాడు. ఇక దిగడు. ఇలాంటివారు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. ఉప్పల్లో అయినా, పటమటలో అయినా, గాజువాకలో అయినా మనిషి ఒకరే, లుంగీ గళ్లు మారతాయంతే. వీధి వీధంతా ఆయన్ని బాబాయిగారనే పిలుస్తుంది. అలాగని మిద్దెతోట వేసినవాళ్లంతా బాబాయిగార్లు కారు. కుండీ మీద చీమ కనబడగానే ఎవరికి బీపీ పెరుగుతుందో, ఆయనే అసలు సిసలు బాబాయిగారు.

తోట చూడ్డానికి బాగానే ఉంటుంది. చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మకోల్ పెట్టెల్లో తోటకూర, పెయింటు బకెట్లలో వంగ, పగిలిన వాష్‌బేసిన్లో పుదీనా, పాత డిష్ యాంటెనా కర్రకి అల్లుకున్న చిక్కుడు. ‘మేం మందు ముట్టమండీ’ అని ఆయన చెప్పే తీరు విన్న కొత్తవాళ్లు ఇంకేదో అనుకుని గౌరవంగా చూస్తారు. ఆయన చెప్పేది పురుగుమందు సంగతి.

‘ఏం బాబాయిగారూ, వంకాయలు దిగుతున్నాయా?’ అని అడిగి చూడండి.

‘కాయల మాట తరవాతోయ్, ముందు ఈ చీమల అంతు చూడనీ’ అంటారు.

మొదటి దండయాత్ర వంటింటి మీద పడుతుంది. పసుపు, ఇంగువ, దాల్చిన చెక్క పొడి, కారం ఒక్కొక్కటే మేడెక్కుతాయి. ‘ఏవండీ, ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టారు?’ అని కిందనించి పిన్నిగారు. ‘సొరపాదు మొదట్లో!’ అని పైనించి ఈయన. ఆ రోజు పులిహోరలో లేని ఇంగువ వాసన మేడంతా ఉంటుంది.

పసుపుతో కుండీ చుట్టూ ఆయన గీసిన గీత దగ్గర కూచుని నేనూ చూశాను. చీమ వచ్చింది. గీత ముందు ఆగి, మీసాలు రెండూ ఆడించి, వెనక్కి తిరిగింది. బాబాయిగారు నా భుజం తట్టారు. అది తిన్నగా పిట్టగోడ ఎక్కి, అక్కణ్ణించి చిక్కుడు తీగ పట్టుకుని, ఆకు మీంచి అదే కుండీలోకి దిగింది. కాసేపటికి దాని వెనక తక్కినవీ అదే దారిన వచ్చాయి. ముందు నడిచిన చీమ దారి పొడుగునా వాసన అంటించి పోతుంది, వెనక వచ్చేవి దాన్ని పట్టుకుని నడుస్తాయి. పసుపు పాత దారిని చెరిపేస్తుంది, కొత్త దారి వేసుకోవద్దని చెప్పదు. బాబాయిగారి పౌరుషానికి వాటికి చీమ కుట్టినట్టయినా లేదు.

తరవాత వేడినీళ్లు. టమాటా కుండీలో పుట్ట పెట్టాయని మరిగే నీళ్లు గిన్నెడు పోశారు. పైన తిరిగేవి కొన్ని పోయాయి. రాణి అడుగున, కుండీ కంత పక్కన క్షేమంగా ఉంది. టమాటా మొక్క మాత్రం కుండీలోనే చారైపోయింది.

వేపనూనె కథ వేరు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు చాలు. కానీ నూనె నీళ్లలో కలవదు, కుంకుడు రసమో సబ్బునీళ్లో ఉంటేనే కలుస్తుంది. కుంకుడు వేయడం దండగనుకున్నారు ఈయన. స్ప్రేయర్ గొట్టం అడుగునించి లాగుతుంది, నూనె పైన తేలుతుంది. దాంతో మొదటి వరస మొక్కలకి ఉత్త నీళ్ల స్నానం, చివరి మొక్కకి అచ్చమైన తలంటు. అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో. ఆకులు సాయంత్రానికి అప్పడాలు. ఈ పని పొద్దువాలాక చేయాలని వేపనూనె సీసా మీదే రాసి ఉంటుంది గానీ, కళ్లజోడు కిందుండిపోయింది.

కుండీలన్నీ నీళ్ల పళ్లేల్లో నిలబెట్టడం మాత్రం మంచి ఆలోచనే. మన అమ్మమ్మలు నెయ్యిగిన్నెకి చేసిన కాపలా అదే. అయితే వాళ్లు ఆ నీళ్లు రోజూ మార్చేవారు. ఈయన వదిలేశారు. డెంగ్యూ దోమకి కావలసింది సరిగ్గా అలాంటి నిలవ మంచినీళ్లే. మున్సిపాలిటీవాళ్లు వచ్చి పళ్లేలన్నీ బోర్లించి పోయారు.

ఇంతకీ అన్ని చీమలు మూడంతస్తులెక్కి ఎందుకొస్తున్నాయి? మేడ మూల నీలం డ్రమ్ములో జీవామృతం ఉంది. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల పప్పుల పిండి, 2 కిలోల బెల్లం, గుప్పెడు గట్టుమట్టి. బాబాయిగారిది 20 లీటర్ల డ్రమ్ము, లెక్క ప్రకారం బెల్లం 200 గ్రాములు చాలు. కానీ ఆయన చెయ్యి పెద్దది. మిగిలిన బెల్లం దిమ్మ డ్రమ్ము మూత మీదే ఉంటుంది, మళ్లీ ఎవరు దిగి ఎక్కుతారని. పైగా వారి జాతకంలో శని ఉంది. శనివారం శనివారం గుళ్లో రావిచెట్టు మొదట పంచదార కలిపిన బియ్యప్పిండి చీమలకి వేసి, ప్రదక్షిణ చేసి వస్తారు. ఇదేమిటని అడిగితే ‘అవి గుడి చీమలోయ్, వాటి జోలి మనకెందుకు’ అన్నారు.

చీమకి నిజంగా పని చిక్కుడు కొసల దగ్గర ఉంది. లేత కాడకి నల్లగా, ఆవాలు అతికించినట్టు పేనుబంక. ఒక చీమ దగ్గరికెళ్లి మీసాలతో పేను వెన్ను నిమురుతుంది. పేను వెనకనించి గాజుపూస లాంటి తీపి చుక్క ఊరుతుంది. చీమ తాగేసి పక్కదాని దగ్గరికి పోతుంది. ఈ పాడి పోకుండా, పేనుల్ని తినే అక్షింతల పురుగుల్ని తరిమి కొట్టడం కూడా చీమల వంతే. వేసవిలో పేనుబంకకి మగదాని అవసరమే లేదు, వారం పది రోజుల్లో పిల్ల తల్లవుతుంది. చీమలు మొక్కని పీల్చడం లేదు, పీల్చేవాళ్లని మేపుతున్నాయి. తోటకూర విత్తులు మోసుకుపోతాయన్నది మాత్రం నిజమే, ఆ నేరం ఒప్పుకోవాలి. బీరపాదు అయితే తనే ఆకుల దగ్గర తీపి ఊరించి వాటిని కాపలాకి పిలుచుకుంటుంది. చైనాలో నారింజ తోటలవాళ్లు చెట్లకి కట్టుకోడానికి చీమల గూళ్లు కొనేవారని అక్కడి పాత గ్రంథంలో ఉందని చెప్పాను. ‘కొనేవాళ్లెవరైనా ఉంటే చెప్పవోయ్, కిలోల లెక్కన తూచి ఇస్తాను’ అన్నారు.

చివరికి పని ఎవరు చేశారంటే పిన్నిగారు. ఆదివారం తలంటుకోగా మిగిలిన కుంకుడు రసం చెంబులో పట్టుకుని బట్టలారేయడానికి మేడెక్కి, చిక్కుడు కొసలు వంచి, ఆకుల అడుగున రెండు వేళ్లతో రుద్ది కడిగేశారు. రెండు మూడు రోజులకోసారి అదే పని. పేను పోయింది, చీమలు ఆ పాదు వదిలేశాయి. పోతూ పోతూ బెల్లం దిమ్మ కూడా కిందకి పట్టుకుపోయారు. బాబాయిగారు వీధంతా తిరిగి, పసుపు కాస్త ఆలస్యంగా పనిచేస్తుందని చెప్పి వచ్చారు.

కాబట్టి మీ వీధిలో బాబాయిగారు గేటు దగ్గర నిలబడి ‘మీ మొక్కలకి చీమలు పడుతున్నాయా?’ అని ఆప్యాయంగా అడిగితే, లేవని చెప్పండి. ఉన్నాయని నోరు జారారా, ముందు మీ వంటింటి తలుపు గడియ వేసుకోండి.