కిటికీ తీస్తే గోదారి!

2015-16లో పట్టిసీమ దగ్గర 24 పంపులు పెట్టి గోదావరిని పోలవరం కుడికాలువ మీదుగా కృష్ణమ్మకు పంపారు. నీళ్లతోపాటు మా ఊరి పేరూ బెజవాడ దాకా పారింది. అప్పట్నుంచీ బ్రోకర్ల కళ్లకు ఇది ఊరు కాదు, గజాలు! పంపులు ఎత్తింది నీళ్లనే. ధరలను వీళ్లు వట్టి నోటితో ఎత్తేశారు.

"రివర్ వ్యూ ప్లాటండీ! కిటికీ తీస్తే వీరభద్రస్వామి దర్శనం" అంటాడొకాయన. దూరదర్శనమే లెండి. ఏటి మధ్య ఉన్న ఆ గుడికెళ్లాలంటే నీరుంటే పడవ, లేకపోతే ఇసుకలో నడక. గోదావరికి కృష్ణ దాకా దారేశారు గానీ, ఈ స్వామికి వంతెన వేయలేదు. శివరాత్రికి జనం ఎలా దాటుతారో బ్రోషర్లో ఉండదు.

1986, 2022 వరదల మాటా ఉండదు. అప్పుడు వ్యూ కోసం ఎవరూ ఏటిగట్టుకు వెళ్లలేదు. గోదారే ఊళ్ల మీదికొచ్చింది.

కొనేవారికో మాట. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి వరద 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున బ్రోకర్ని రమ్మనండి. హద్దురాళ్లు చూపిస్తే అడ్వాన్సు ఇవ్వండి. చూపించలేకపోతే టీ తాగించి పంపేయండి.