తాంబూలం పుచ్చుకున్నాక అలక

‘యుద్ధం వద్దు, పార్టీ ముద్దు’ అనే మధ్యేవాదికి అలిగే ముహూర్తం ఓ పట్టాన కుదరదు. 2003 మార్చిలో ఇరాక్‌పై యుద్ధానికి బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ నడుం బిగించారు. దానిపై పార్లమెంటులో ఓటింగ్‌కు ముందురోజే రాబిన్ కుక్ మంత్రి పదవి వదిలేసి, సభలో వెనక బెంచీ నుంచి కారణం చెప్పారు. మర్నాడు బ్లెయిర్ సొంత పార్టీ లేబర్ ఎంపీలే 139 మంది ఎదురు తిరిగారు. అంతకుముందే రేడియోలో ‘ఇది దుందుడుకు’ అని మండిపడ్డ మంత్రి క్లేర్ షార్ట్ మాత్రం కుర్చీ వదల్లేదు. పైగా యుద్ధానికే ఓటేశారు. బాగ్దాద్ పడిపోయాక, మే 12న తీరిగ్గా రాజీనామా ఇచ్చారు!

పెళ్లే వద్దని అరిచి, విందు ఆరగించి, తాంబూలం పుచ్చుకున్నాక అలగడమంటే ఇదే. పార్టీ విప్‌కు టైముంటుంది. మనస్సాక్షికేముంది, ఎప్పుడు లేస్తే అప్పుడే తెల్లారినట్టు!