కంపమొలక సూత్రము: సటీకా తాత్పర్యము

మూలము: "గృహ ఆవరణలయందు పెరుగు అవాంఛిత పొదలను ఆయా యజమానులు సమూలముగా నిర్మూలింపవలెను. లేనిచో తగు చర్య తీసుకొనబడును." (ఆదోనిలో మా వీధి మలుపున ఖాళీ ప్లాటు గోడకు అంటించిన నోటీసు.)

టీక: గృహ, ఆవరణ, యజమాని మొదలగునవి బాలురకు సైతము తెలియును; విడిచితిమి.

అవాంఛిత: ఎవరికి? మనకే గాని మేకకు కాదు. ఇచ్చటి కంప సర్కారు తుమ్మ; దాని కాయ తియ్యన. మేక కాయ తినును, గింజ అరగదు. మా జామచెట్టు పాదులో పెంటికలతో బయటపడి తొలివానకే రెండాకులు విప్పును. విత్తువాడును ఎరువు వేయువాడును ఒకడే యగుట ఇచ్చట విశేషము.

సమూలముగా: ఇది ప్రాణపదము. మెదకు సీమవాడైన కోలాచల మల్లినాథసూరి, మూలములో లేనిదేదీ రాయనని ప్రతిన పూని కాళిదాసుకు వ్యాఖ్య చెప్పెను. నిరుడు ఈ ప్లాటులోకి వచ్చిన జేసీబీ వేరొక సంప్రదాయమునకు చెందినది. మూలము జోలికే పోలేదు. నేలకు పైన నరికిన కంప చావదు. మట్టికింది మొగ్గలు లేచి, ఒక్క కాండమున్నచోట నాలుగగును. రేగడి తడిగా ఉన్నపుడు చిటికెనవేలంత మొలకను అడుగంటా పట్టి లాగిన తల్లివేరు తెల్లగా జారివచ్చును. ఎండలో లాగితే పుటుక్కున తెగుతుంది, వేరు లోపలే క్షేమం. మోకాలెత్తు పెరిగాక గడ్డపారతో జానెడు లోతు తవ్వాల్సిందే. నోటీసులో ఈ ముక్క ఒక్కటీ లేదు!

పొదలను: ఈ పొద పేరు విషయమున మతభేదములు గలవు. మనము సర్కారు తుమ్మ యని ప్రభుత్వముపై వేసితిమి. తమిళులు సీమై కరువేలమని పరదేశముపై. కన్నడిగులు బళ్ళారి జాలి యని బళ్ళారిపై. ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోనిదే గనుక ఈ మూడవ నిందలో మనకు న్యాయముగా వాటా గలదు. వాస్తవమునకు మద్రాసు అటవీశాఖ కన్సర్వేటరు బెడ్డోమ్ దొర గింజలు కోరగా, 1877 ప్రాంతమున కడప సీమలో నాటిరి. వంటచెరకు కొరత తీరునని ఆశ. ఆ దొర దక్షిణదేశపు ఫెర్న్ మొక్కలపై గ్రంథములు రచించిన పండితుడు. ఆయన ఫెర్న్‌లు మన ఎండకు దరిదాపులకు రాలేదు. ఆయన కంప మాత్రము ఆదోని నుండి ఎమ్మిగనూరు పోవు బస్సు కిటికీలో చేయి పెట్టి పలకరించుచున్నది.

తీసుకొనబడును: కర్మణి ప్రయోగము. కర్త లుప్తము. చర్య ఎవరిచేత, ఎవరిపై? మా పెరట్లో మొలిచే ప్రతి మొలకకూ తల్లి ఆ ప్లాటులోనే ఉందండీ, మీరు నోటీసు అంటించిన గోడ వెనకే! ఇంటిపన్ను కట్టి, వంగి వంగి మొలకలు పీక్కునేవాడికి హెచ్చరిక. ధర రానీ అని ఏళ్ల తరబడి ప్లాటును కంపకు వదిలేసినవాడికి కాగితమైనా పోదు.

తాత్పర్యము: ప్లాటు యజమాని బెంగళూరులో ఉంటాడు. ఫోన్ చేస్తే, "పొయ్యిలోకి కావాలంటే కొట్టుకోండి సార్, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.