డబ్బా కొట్టే రౌటరు

హాల్లో ల్యాప్‌టాప్, పడగ్గదిలో కంప్యూటరు, మధ్యన ఒక్క గోడ. ఆ గోడ దాటడానికి 60 జీబీల పెళ్లి వీడియోకి గంటన్నర పడుతోంది. జీలకర్రా బెల్లం నుంచి అప్పగింతల దాకా వచ్చేసిన పెళ్లివారు కూడా ఇంత నెమ్మదిగా నడవలేదు.

ఇంటాయన వెంటనే నెట్ కంపెనీకి ఫోన్ చేస్తాడు. అక్కడి గొంతుకి వచ్చిన మంత్రం ఒకటే: "ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." చేస్తాడు. ఏమీ మారదు. "అయితే మీరు పెద్ద ప్లాన్‌కి మారాల్సిందే సార్." మారతాడు. నెలనెలా బిల్లు పెరుగుతుంది, వీడియో మాత్రం అక్కడే పాకుతుంది. పాకక ఏం చేస్తుంది? హాల్లోంచి పడగ్గదికి వెళ్లే ఫైలు ఇంటి గడపే దాటదు. బిల్లు కట్టలేదని రేపు నెట్ కోసేసినా అది ఇదే వేగంతో వెళ్తుంది. తనకి ఏమాత్రం సంబంధం లేని జబ్బుకి నెలవారీ మందు అమ్మిన ఆ గొంతుకి ఈ ఏడాది ప్రమోషన్ ఖాయం.

అసలు దొంగ టీవీ వెనకాల నాలుగు కొమ్ములేసుకుని కూర్చున్నాడు. వాడొచ్చిన అట్టపెట్టె మీద బొప్పాయంత అక్షరాల్లో 1200 అని ఉంటుంది. ఆ అంకె ఎలా పుట్టిందో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 867. కలిపితే 1167. అదీ చాల్లేదు కాబోలు, పైకి సర్ది 1200 చేశారు. మీ ల్యాప్‌టాప్ ఒకసారికి ఒక్క బ్యాండ్ మీదే కూర్చోగలదు. పెళ్లిచూపుల్లో అన్నదమ్ములిద్దరి జీతాలూ కలిపి పెళ్లికొడుకు జీతమని చెప్పినట్టన్నమాట. పైగా ఆ రెండంకెలూ కాగితం మీదివే. గోడలూ, దూరమూ, పక్కింటి సిగ్నలూ తమ వాటా తీసుకున్నాక చేతికొచ్చేది సగమైతే అదృష్టం.

ఇప్పుడు అదే రౌటర్ని వెనక్కి తిప్పండి. కేబుల్ గుచ్చే రంధ్రాల సంగతి పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: 10/100. అంటే ఎంత లాగినా సెకనుకి 100 మెగాబిట్లే. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 12.5 మెగాబైట్లు. నిజంగా వచ్చేది 11 దగ్గర. ఈ ప్రమాణం వచ్చింది 1995లో. దాన్ని పదింతలు చేసే గిగాబిట్ ప్రమాణం మామూలు రాగి కేబుల్ మీదికి 1999లోనే వచ్చింది. అయినా పాతికేళ్ల తర్వాత కూడా మన ఇళ్లలో చవక రౌటర్లకి 1995 నాటి రంధ్రాలే. నెత్తిన నాలుగు యాంటెన్నాలు పెట్టడానికి డబ్బులున్నాయి, నడుముకో గిగాబిట్ చిప్పు పెట్టడానికి లేవు!

పోనీ మంచి రౌటరే కొన్నారనుకుందాం. అప్పుడు కేబుల్ మహాశయుడు రంగప్రవేశం చేస్తాడు. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100 మెగాబిట్లకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు పొదుపరి. ఒకే కేబుల్ చీల్చి నాలుగు తీగలు నెట్‌కీ, నాలుగు గేటు దగ్గర కెమెరాకీ పంచేస్తాడు. లేదా క్రింపింగ్‌లో ఒక తీగ జాక్‌లోకి సరిగ్గా దిగదు. దానికి అలారం మోగదు, లైటు ఆరిపోదు. రెండు చివరలూ మాట్లాడుకుని, చప్పుడు లేకుండా వందకి రాజీ పడతాయి. అడిగితే కుర్రాడి సమాధానం సిద్ధం: "నెట్ వస్తోంది కదా సార్!"

ఇక కేబులే వద్దు, అంతా వైఫై అనే నాగరికులు. రెండు యంత్రాలూ వైఫై మీదే ఉంటే ప్రతి బైటూ గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తుంది: ఒకసారి రౌటర్‌కి, మళ్లీ అక్కణ్నుంచి కంప్యూటర్‌కి. వేగం అక్కడే సగం. 2.4 బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని ఛానళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో అన్ని ఫ్లాట్ల రౌటర్లూ ఆ మూడింటి కోసమే కొట్టుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ కూడా ఆ బ్యాండ్‌లోనే కూస్తుంది. ఇదంతా చాలదని సిగ్నల్ కోసం ఒక రిపీటర్ తగిలిస్తారు. చవక రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, తిరిగి చెప్పాలి. మిగిలిన సగంలో మళ్లీ సగం.

ఈలోగా బంధువుల్లో ఒక కంప్యూటర్ పండితుడు దిగుతాడు. ర్యామ్ పెంచమంటాడు, యాంటీవైరస్ తీసేయమంటాడు, చివరికి "ఫార్మాట్ కొట్టేద్దాం బావా" అంటాడు. ఆయన చెయ్యి కీబోర్డ్ మీద పడకముందే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే నేరం పోర్టుదో కేబుల్‌దో, మరొకరిది కాదు. 1000 ఉండి కూడా నత్తనడకేనా? ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు ప్రమేయం లేకుండా దారిని మాత్రమే కొలవండి. దారి బాగుంటే పాత హార్డ్ డిస్కుని నిలదీయండి. ఫొటోలు వేలల్లో ఉంటే ఒక్కో దాన్ని తెరిచి, రాసి, మూసే తతంగానికే పొద్దు పోతుంది. అన్నిటినీ ఒక్క జిప్ ఫైలు చేసి పంపండి. అన్నీ కుదిరి, రెండు వైపులా ఎస్‌ఎస్‌డీలుంటే ఆ 60 జీబీల పెళ్లి తొమ్మిది పది నిమిషాల్లో ముగుస్తుంది.

రౌటర్లు చేసే పెద్దలకి ఒక్క సవాలు. 1200 అని ఏ సైజులో అచ్చేస్తున్నారో, పోర్టు వేగం 100 అని కూడా అదే సైజులో, దాని పక్కనే అచ్చేయండి. వాళ్లు ఎలాగూ వెయ్యరు కాబట్టి పాఠకులకో మాట: డబ్బు తీసే ముందు పెట్టె తిరగేసి చదవండి. 10/100 అని కనిపిస్తే అక్కడే పెట్టేసి, కొట్టు మెట్లు దిగిపోండి.