తోక ఊపితే ప్రేమేనా?

మా రోజుల్లో కుక్కని కొనడమేమిటి? వీధికొకటి అదే ఉండేది. మా అమ్మ గంజిలో ఇంత సద్దన్నం కలిపి గుమ్మం బయట రాతితొట్టిలో పోసేది. అది తాగి రాత్రంతా వీధి కాసేది. దానికి స్వెట్టరు లేదు, పుట్టినరోజు లేదు. కానీ దాని వాలకం చూసి మనసు కనిపెట్టడం పిల్లలకి కూడా వచ్చు. తింటున్నప్పుడు దగ్గరికి పోకు, ఈనిన కుక్క జోలికి అసలే పోకు, మొరిగితే పరిగెత్తకు, కళ్ళలోకి గుచ్చి చూడకు. ఓనమాలకంటే ముందు ఇవే నేర్పేవాళ్ళు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు లిఫ్టు చూడండి. సైబీరియా మంచులో బండ్లు లాగాల్సిన హస్కీ, మే నెల ఎండకి బారెడు నాలుక వేలాడేసి రొప్పుతుంటుంది. ఓ బుడతడు వెళ్ళి దాని మెడ వాటేసుకుంటాడు. అది మొహం తిప్పేసుకుంటుంది, మూతి నాక్కుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, ఆవులిస్తుంది. "నిద్రొస్తోంది పాపం" అంటుంది యజమానురాలు, ఫోన్లోంచి తలెత్తకుండా. నిద్ర కాదమ్మా, వదలండి బాబూ అని మొత్తుకుంటోంది! ఆ మాటే చెబితే, "తోక ఊపుతోందిగా అంకుల్, చాలా ఫ్రెండ్లీ" అని నాకే పాఠం.

ఊపిన ప్రతి తోకా ప్రేమేనా? నిటారుగా బిర్రబిగిసి ఆడే తోక వేరు, నడుముతో సహా ఊగే తోక వేరు. యజమాని కనబడితే కుడివైపుకీ, కొత్త కుక్క పెత్తనం చేస్తూ ఎదురైతే ఎడమవైపుకీ ఎక్కువ ఊగుతుందని 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు కొలిచి మరీ చెప్పారు. మేం కుడిఎడమలు కొలవలేదు గానీ, ఆగాల్సిన చోట ఆగేవాళ్ళం.

అలాగని అప్పుడంతా బంగారమనను. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి విషం పెట్టి చంపేవాళ్ళు. కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు. ఇప్పుడు చేతికే పొడుస్తున్నారు. కుక్కల్ని చంపకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని 2001లో రూలూ వచ్చింది. అది ఎంత చక్కగా అమలవుతోందో మా సందు చివర చూస్తే తెలుస్తుంది, ఆ ఏడుపు వేరే. కరిచిన చోట 15 నిమిషాలు సబ్బు పెట్టి ధారగా నీళ్ళు పోసి కడగాలంటే, ఈ రోజుకీ కారం అద్దే మహానుభావులున్నారు.

శనివారం ఆ హస్కీకి పుట్టినరోజట, చాక్లెట్ కేకు ఆర్డరిచ్చారట. చాక్లెట్ కుక్కకి విషమమ్మా, ద్రాక్షపళ్ళు కూడా పెట్టకండని చెప్పొచ్చాను. "ఒకసారి గూగుల్ చేస్తాం అంకుల్" అన్నారు.